రెండంగుళాల ఒంగోలు గిత్త: ఒక చెక్కుడు డైరీ

సంక్రాంతి అయ్యాక

ఈసారి పెట్టుకున్న పని ఇది. నిలబడి ఉన్న ఒంగోలు గిత్తను ఒకే కర్రముక్కలో చెక్కాలి. గిట్టల నుంచి మూపురం దాకా ఎత్తు రెండంగుళాలు. ఒళ్లంతా రంగు పూయకూడదు, తెల్లదనం కర్రదే అయి ఉండాలి. పశువుల గురించి తెలిసినవాళ్లు చేతిలోకి తీసుకోగానే ఇది ఒంగోలు గిత్త అనాలి. వాళ్లు ఉత్త ఎద్దు అన్నారంటే పని కుదరనట్టే.

ఇప్పటిదాకా నేను చెక్కినవి జానెడు బొమ్మలు. వాటిలో కత్తి తిరగడానికి చోటుంటుంది, ఉలి జారినా సర్దుకోవడానికి కర్ర మిగులుతుంది. రెండంగుళాల్లో ఆ వెసులుబాటు ఉండదు. అయినా ఈ కొలతే ఎంచుకున్నాను. మా ఒంగోలు పశువును బల్ల మీద పెట్టుకునేంత చిన్నదిగా చేసి, దాని ఠీవి తగ్గకుండా చూడాలన్నది నా చాలాకాలపు కోరిక.

ముందు కొలతలు కావాలి. తెలిసిన రైతు ఒకాయన దగ్గర బండలాగుడు పోటీలకు వెళ్లే జత ఉంది. పాల పళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ వయసును బట్టి విభాగాలు పెట్టి ఆడించే ఆ పోటీలు మా ప్రకాశం జిల్లాలో సంక్రాంతికి ఎంత సందడో చెప్పక్కర్లేదు. ఆయన్ని బాబాయ్ అంటాను. టేపు పట్టుకుని వెళ్తే నవ్వాడు.

"వెనక నుంచి దగ్గరకు పోమాక అబ్బాయ్. ముందు నుంచి రా, మాట్లాడుకుంటా రా."

నేను కొలుస్తుంటే ఆయన గిత్త మెడ నిమురుతూ నిలబడ్డాడు. మూపురం దగ్గరకు వచ్చేసరికి చెయ్యి దాని మీద పెట్టి, "ఇదీ చూడాల్సింది. మూపురం నిటారుగా ఉండాల. రెండు పక్కలా నిండుగా ఉండాల. ఒక పక్కకు వాలిందంటే ధర పడిపోద్ది. నీ బొమ్మకి కూడా వాలనీమాక" అన్నాడు. అది కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

గిత్త ఎత్తు ఇంచుమించు అయిదడుగులు. రెండంగుళాలకు దించితే ముప్పయ్యో వంతు. లెక్క సులువైంది: పశువు మీద అడుగు, కర్ర మీద ఒక సెంటీమీటర్. పశువు మీద అంగుళం, కర్ర మీద మిల్లీమీటర్ కంటే కాస్త తక్కువ.

ఈ లెక్కతో కాగితం మీద వేసుకుంటుంటే టెన్షన్ మొదలైంది. మోకాలి కింద కాలి వెడల్పు మూడంగుళాలు ఉంటే కర్రలో రెండున్నర మిల్లీమీటర్లు. గంగడోలు, అంటే మెడ కింద వేలాడే తోలు, అంచు మందం ఒక మిల్లీమీటర్. చెవి మందం మిల్లీమీటర్లో మూడో వంతు. ఒంగోలు జాతికి కంటి చుట్టూ అర అంగుళం లోపు నల్లటి చర్మపు వలయం ఉంటుంది. ఆ వలయం వెడల్పు నా బొమ్మలో అర మిల్లీమీటర్ కూడా రాదు.

కర్ర ఎంపిక

పశువును ముప్పయ్యో వంతుకు దించగలం కానీ కర్ర నారను దించలేం. చిన్న చెక్కుడులో కష్టాలన్నిటికీ మూలం ఇదే. టేకు తీసుకుంటే దాని పెద్ద రంధ్రాలు కంటికి కనిపిస్తాయి, మిల్లీమీటర్లో మూడో వంతు దాకా ఉంటాయి. ద్వారబంధంలో అవి అందమే. కానీ నా లెక్కలో అలాంటి ఒక్కో రంధ్రం గిత్త చర్మం మీద వేలు పట్టేంత గుంట. వేపకు నార అటూ ఇటూ మెలిపడి ఉంటుంది కాబట్టి ఒక వైపు నున్నగా తెగి, పక్కనే పెచ్చు లేస్తుంది. గుమ్మడి టేకు మెత్తగా, కత్తికి అనుకూలంగా ఉంటుంది. జానెడు బొమ్మలకు నాకు ఇష్టమైన కర్ర అదే. కానీ సన్న అంచు నిలబడదు.

కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి గురించి కూడా ఆలోచించాను. అది ఇంకా తేలిక, ఇంకా మెత్తన. అక్కడి కళాకారులు కాళ్లూ చేతులూ విడివిడిగా చేసి, చింతగింజల బంకలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ పద్ధతికి ఆ కర్ర చక్కగా సరిపోతుంది. ఒకే ముక్కలో మూడు మిల్లీమీటర్ల కాలు నిలబెట్టాలంటే మాత్రం సరిపోదు.

ఎర్రచందనం వాడొచ్చు కదా అని అడిగినవాళ్లున్నారు. మన వెలిగొండల్లో పెరిగే చెట్టే అయినా ప్రభుత్వ అనుమతి లేకుండా దాని జోలికి వెళ్లకూడదు. పైగా తెల్ల గిత్తను ఎర్ర కర్రలో ఎందుకు చెక్కాలి?

చివరికి అంకుడు దగ్గర ఆగాను. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడేది ఇదే. ఏనుగు దంతం రంగులో ఉంటుంది, నార చాలా సన్నం, రంధ్రాలు కంటికి కనిపించవు. ఆ వైపు వెళ్లిన మిత్రుడు బాగా ఆరిన ముక్కలు కొన్ని తెచ్చిపెట్టాడు. వాటిలో కణుపు లేనిది, బీట లేనిది చూసి ఒకటి తీశాను.

నార ఎటు ఉండాలి?

పని మొత్తంలో పెద్ద నిర్ణయం ఇదే. కత్తి పట్టకముందే తేలాలి.

గిత్త ఒళ్లు అడ్డంగా ఉంటుంది, కాళ్లు నిలువుగా ఉంటాయి. నార ఒళ్లు పొడవునా పెడితే నాలుగు కాళ్లలోనూ నార అడ్డంగా పడుతుంది. అంటే ప్రతి కాలూ పొట్టి పొట్టి నారల వరస అవుతుంది, వేలితో నొక్కితే విరుగుతుంది. నార నిలువుగా పెడితే కాళ్లు గట్టిపడతాయి. తోక కిందికి వేలాడుతుంది కాబట్టి దానికీ బలమే. ఒళ్లు అడ్డనారే అయినా రెండు సెంటీమీటర్ల మందం ఉంది కనుక భయం లేదు.

కానీ దీనికి మూల్యం ఉంది. నార నిలువుగా ఉన్నప్పుడు వీపు, మూపురం పైభాగం నార కొసల మీదకు వస్తాయి. అందరి కళ్లూ పడే మూపురమే కర్రలో అన్నిటికంటే మొండి చోటవుతుంది. ముట్టె ముందుకు చొచ్చుకొస్తుంది కాబట్టి తల బలహీనం. చెవులు ఇంకా బలహీనం.

కాగితం మీద రెండు రకాలుగానూ గీసి చూసుకున్నాక నిలువు నారకే మొగ్గాను. ఒంగోలు పశువు ఒళ్లే నాకు ఇక్కడ సాయం చేసింది. గంగడోలు గడ్డం కింద నుంచి మొదలై ముందుకాళ్ల మధ్యకు దిగుతుంది కదా, తల కింద అది ఒక పలచటి గోడలా నిలిచి ముట్టెకు ఆసరా ఇస్తుంది. కొమ్ములు ఈ జాతికి పొట్టిగా, మొదట్లో లావుగా, పక్కకూ వెనక్కూ పెరుగుతాయి. అయిదు మిల్లీమీటర్ల పొడవుకు రెండున్నర మిల్లీమీటర్ల మొదలు ఉంటే అడ్డనారలో కూడా నిలుస్తాయి. పొడవు కొమ్ముల పశువైతే ఒకే ముక్కలో చేయాలన్న ఆలోచనే వదులుకునేవాణ్ణి.

గుళ్లలో నందిని ఎక్కువగా పడుకున్నట్టే చెక్కుతారు. నాలుగు సన్న కాళ్ల మీద ఒళ్లంతా నిలబెట్టే ఇబ్బంది ఉండదు. నాకు కూడా పడుకున్న గిత్త చాలా సులువయ్యేది. కానీ బండ ముందు కాడి కింద నిలబడ్డ గిత్తే నా మనసులో ఉంది.

ముక్క కొలత: ఎత్తు పది సెంటీమీటర్లు, పొడవు ఏడు, మందం రెండున్నర. గిత్త ఎత్తు అయిదే. దాని కింద సెంటీమీటర్ పీఠం, మిగతా నాలుగు సెంటీమీటర్లు వైస్‌లో బిగించడానికి, చేత్తో పట్టుకోవడానికి. ఆ పిడిని పని పూర్తయ్యేదాకా కొయ్యను. రెండంగుళాల బొమ్మను చేత్తో పట్టుకుని చెక్కితే ఎప్పుడో ఒకప్పుడు వేలు తెగడం ఖాయం.

ఫిబ్రవరి: పనిముట్లు

నా దగ్గరున్న సన్న ఉలి మూడు మిల్లీమీటర్లు. ముప్పయ్యో వంతు లెక్కలో అది పశువు మీద మూడున్నర అంగుళాల పలక. దానితో కనురెప్ప చెక్కలేం. బజారులో అంతకంటే సన్నవి దొరకడం కష్టం, దొరికినా ధర ఎక్కువ. అందుకే కొన్ని నేనే చేసుకున్నాను.

కుట్టుమిషన్ సూది గట్టి ఉక్కు. దాని మొనను సానరాయి మీద పలకగా అరగదీస్తే మిల్లీమీటర్ వెడల్పు ఉలి వస్తుంది. లావు వైపును వెదురు పిడిలో రంధ్రం చేసి అతికించాను. విరిగిన గొడుగు పుల్లలు ఇంకా బాగా పనికొచ్చాయి. వాటి అడ్డుకోత అర్ధచంద్రంలా ఉంటుంది కాబట్టి చివర ఏటవాలుగా అరగదీస్తే చిన్న వంపు ఉలి తయారు. గంగడోలు మడతలకు దాన్ని మించింది లేదు. పుల్ల ఉక్కు కాస్త మెత్తన, తరచు పదును పెట్టుకోవాలి. అంకుడు మెత్తటి కర్ర కాబట్టి సరిపోయింది.

సూదిని గ్రైండర్ మీద పెట్టకండి. సన్న మొన క్షణంలో వేడెక్కి నీలం రంగుకు తిరుగుతుంది. నీలం తిరిగిందంటే గట్టిదనం పోయినట్టే. సానరాయి మీద చేత్తో, నీళ్లలో ముంచుతూ నిదానంగా అరగదీయడమే దారి.

పదును గురించి గట్టిగా చెప్పాలి. పెద్ద బొమ్మలో మొద్దు కత్తికి మన బలం తోడిస్తే పని జరుగుతుంది. ఇక్కడ ఆ బలమే శత్రువు. లెక్క వేసి చూశాను: అయిదొందల కిలోల గిత్తను ప్రతి వైపూ ముప్పయ్యో వంతు చేస్తే బరువు ఇరవై ఏడు వేలో వంతు అవుతుంది, అంటే పద్దెనిమిది గ్రాములు చిల్లర. అంకుడు నీటికంటే తేలిక కాబట్టి బొమ్మ అంత కూడా తూగదు. కాలి అడ్డుకోత మాత్రం తొమ్మిదొందలో వంతే తగ్గుతుంది. కాబట్టి బొమ్మ కాళ్లు తమ బరువు మోయడంలో అసలు గిత్త కాళ్లకంటే ఎంతో బలమైనవి. తన బరువుకు ఈ బొమ్మ ఎప్పటికీ విరగదు. దాన్ని విరగ్గొట్టేది కత్తిని తోసే నా చెయ్యే. నారతో పాటు చిన్నది కానిది అదొకటి. అందుకని ప్రతి కోతకూ కావలసిన ఒత్తిడి ఎంత తగ్గితే అంత మేలు. పదునొక్కటే ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది.

పాత తోలు బెల్టును చెక్కకు అతికించి, ఆకుపచ్చ పాలిష్ ముద్ద రుద్ది పక్కన పెట్టుకున్నాను. కాసేపు చెక్కడం, ఆగి కత్తిని తోలు మీద లాగడం. పదును తగ్గిందనిపించేదాకా వేచి ఉండకూడదు. అప్పటికే కర్ర నలిగి ఉంటుంది.

ఉదయగిరిలో చూసింది

చిన్న పనిలో చెయ్యి తిరిగినవాళ్లను చూడాలని కందుకూరు, పామూరు మీదుగా ఉదయగిరి వెళ్లొచ్చాను. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం ఆ ఊరి మీదనే ఉంటుంది. నేను వెళ్లింది మాత్రం చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చేసేవాళ్ల కోసం. ఉదయగిరి చెక్క సామానుకు జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది. తరాలుగా ఎక్కువగా ముస్లిం కుటుంబాలు చేస్తున్న పని, ఇప్పుడు మహిళలే ముందుండి నడిపిస్తున్నారు.

అక్కడ ఒక ఆపా (అక్క) స్పూను పిడి మీద జాలీ పని, అంటే చిల్లుల నగిషీ, చేస్తుంటే చాలాసేపు కూర్చుని చూశాను. చిల్లులన్నీ పిడి మందంగా ఉన్నప్పుడే పడుతున్నాయి. చిల్లులు అయ్యాక సన్న ఆకురాయితో వాటిని ఆకారానికి తెస్తున్నారు. పిడిని పలచన చేయడం ఆఖరున.

"ముందే సన్నగా చేసుకుంటే పట్టుకోవడానికి ఏముంటుంది భాయ్?" అన్నారు నా ప్రశ్నకు.

నా బొమ్మకు కావలసిన వరస ఆ మాటలో దొరికింది. కాళ్ల మధ్య కర్రను ఆఖరిదాకా తీయకూడదు. చెవులు ముఖం అంతా అయ్యేదాకా ముద్దలుగానే ఉండాలి. గంగడోలు మడతలు మందంగా ఉన్నప్పుడే గీసి, ఆ తర్వాత వెనక వైపు నుంచి పలచన చేయాలి. ఏ భాగమైనా సన్నబడిన క్షణం నుంచి దాని మీద మళ్లీ కత్తి పెట్టే అవసరం రాకూడదు.

మార్చి: మోటు పని

పక్కచూపు, పైచూపు బొమ్మలు కాగితం మీద గీసి ముక్కకు అంటించి, సన్న బ్లేడు ఫ్రెట్ రంపంతో రెండు వైపులా కోశాను. గీత మీద కాకుండా రెండు మిల్లీమీటర్లు బయటికి. ఆ తర్వాత కత్తి.

ఇది హాయిగా సాగిన దశ, చెప్పడానికి పెద్దగా లేదు. ఎడమ బొటనవేలికి తోలు తొడుగు వేసుకుని, కత్తి వీపును ఆ వేలితోనే తోస్తాను. మొన కదిలేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. మణికట్టు తిప్పి చెక్కే అలవాటు ఉన్నవాళ్లకు మొదట్లో ఇది ఓపికకు పరీక్ష.

ఒక విషయం మాత్రం రాసుకోవాలి. నడిమి గీత. వీపు మీద తల నుంచి తోక దాకా పెన్సిలు గీత గీసి, చెరిగినప్పుడల్లా మళ్లీ గీస్తూ వచ్చాను. అర మిల్లీమీటర్ పక్కకు పోయినా మూపురం వాలినట్టు కనిపిస్తుంది. బాబాయ్ హెచ్చరిక గోడ మీద అంటించే ఉంది.

మూపురం

నార కొసలు. కత్తిని నేరుగా తోస్తే నార తెగకుండా నలుగుతుంది, తెల్లటి మచ్చలా మిగులుతుంది. సాండ్‌పేపర్ పడితే ఆ మచ్చ ఇంకా మాసినట్టు అవుతుంది. సగం సర్జికల్ స్పిరిట్, సగం నీళ్లు కలిపి కుంచెతో తడిపి, అర నిమిషం ఆగి, కత్తిని ఏటవాలుగా లాగుతూ పొరలు తీశాను. తడి వల్ల నార మెత్తబడుతుంది, స్పిరిట్ వల్ల త్వరగా ఆరుతుంది. ఉత్త నీళ్లతో తడిపితే కర్ర ఉబ్బుతుంది, ఆరాక గీతలు కదులుతాయి.

కోత ఎప్పుడూ కిందినుంచి పైకి, పక్కల నుంచి నడిమి గీత వైపుకు. ఎదురు దిశలో ఒక్కసారి పెట్టినా అంచు పెచ్చు లేస్తుంది. ఎడమ పక్క నాలుగు కోతలు తీస్తే కుడి పక్క నాలుగు, తర్వాత ముందు నుంచి చూడటం. బల్ల దీపాన్ని పక్క నుంచి పడేలా పెట్టుకుంటే ఉబ్బెత్తు ఎక్కడ ఎక్కువుందో నీడే చెబుతుంది. పైనుంచి పడే ట్యూబులైటు వెలుగులో అంతా చదునుగా కనిపిస్తుంది, నమ్మకూడదు.

ఇంతకాలం చెక్కడంలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన గుండ్రదనం ఈ మూపురమే. వేలు పెడితే నిండుగా తగులుతుంది.

ఏప్రిల్: గంగడోలు, కాళ్లు

ఎండలు ముదిరాయి. ముక్క బీట వారకుండా రాత్రిళ్లు ప్లాస్టిక్ డబ్బాలో మూతపెట్టి ఉంచుతున్నాను. సముద్రం గాలి తేమ, పగటి వేడి రెండూ కలిసే ఊరు కాబట్టి చిన్న ముక్క అయినా కదులుతుంది.

నిజం గంగడోలుకు లెక్కలేనన్ని మడతలు ఉంటాయి. అవన్నీ పెడితే ఏదో గీకినట్టు ఉంటుందే తప్ప చర్మంలా ఉండదు. పారేసే ముక్క మీద పరీక్షించాను. అర మిల్లీమీటర్ కంటే సన్నటి గాడి మైనం పూయగానే పూడిపోతుంది, చేతి దూరం నుంచి అసలు కనిపించదు. గాడి కనిపించాలంటే అందులో నీడ నిలవాలి, నీడ నిలవాలంటే లోతు ఉండాలి. అందుకని అయిదు మడతలే పెట్టాను, ఒక్కొక్కటి లెక్క ప్రకారం ఉండాల్సిన దానికంటే రెట్టింపు లోతుతో. గొడుగు పుల్ల ఉలితో గడ్డం నుంచి కిందికి, ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఒకటి పొడవు, ఒకటి పొట్టి. దూరం నుంచి చూస్తే వేలాడే బరువు కనిపిస్తోంది.

కొలత ప్రకారం చేయడమా, కంటికి సరిపడేలా చేయడమా అన్న ప్రశ్న ఇక్కడే వచ్చింది. నా అభిప్రాయం స్పష్టం. ముప్పయ్యో వంతు బొమ్మలో ముప్పయ్యో వంతు వివరాలు పెట్టకూడదు. పశువును గుర్తుపట్టించే నాలుగైదు లక్షణాలను పెంచి, మిగతావి వదిలేయాలి. ఒంగోలు గిత్తకు అవి మూపురం, గంగడోలు, పొట్టి కొమ్ములు, విశాలమైన నుదురు, కండపట్టిన తొడలు. పక్కటెముకలు, నరాలు, వెంట్రుకల సుడులు నేను ముట్టుకోలేదు. భూతద్దం పెట్టుకుంటే వాటిని చెక్కాలన్న ఆశ పుడుతుంది. అందుకే భూతద్దం కోతకు మాత్రమే, నిర్ణయం మాత్రం కళ్లద్దాలు తీసి చేయి చాచి చూశాకే.

కాళ్లు లెక్క ప్రకారం రెండున్నర మిల్లీమీటర్లు. నేను మూడున్నర దగ్గర ఆపాను. లావుగా కనిపించకుండా మోకాలి పైన, కింద లోతు ఎక్కువ తీసి, మోకాలు ఉబ్బెత్తుగా వదిలాను. పక్కన లోతు ఉంటే కన్ను కాలిని సన్నగానే చూస్తుంది. కాళ్ల మధ్య కర్రను రెండు వైపుల నుంచీ సన్న డ్రిల్లుతో చిల్లులు వేసి, ఆకురాయితో నిదానంగా తెరిచాను. తోకను విడిగా వదలకుండా వెనక కాలికి ఆనించి చెక్కాను. కుచ్చు ఒక్కటే కాలు దాటి కనిపిస్తుంది.

మే: తల

రోహిణి కార్తె. మధ్యాహ్నం ఫ్యాను కింద కూడా చేతికి చెమట పట్టి పట్టు జారుతుంది. తెల్లవారి పూటే పని.

చెవులు ఒంగోలు పశువుకు కాస్త వాలి ఉంటాయి. ఆ వాలును ఉపయోగించుకుని చెవి వెనక అంచును మెడకు తాకేలా ఉంచాను. గాలిలో వేలాడే చెవి అడ్డనారలో మిల్లీమీటర్లో మూడో వంతు మందం ఉంటే తుడిచే గుడ్డ తగిలినా పోతుంది. కుడి చెవి కొస చెక్కుతుండగా నార వెంట చీలిక కనిపించింది. పలచటి ఫెవిక్విక్ చుక్క సూది మొనతో చీలికలోకి దింపి, అది ఇంకి గట్టిపడ్డాక పని కొనసాగించాను. ఆ జిగురు ఇంకిన చోట తర్వాత లక్క, మైనం ఇంకవు, మచ్చ తేలుతుంది. అందుకే చెవి లోపలి వైపు, కంటపడని చోటే వాడాలి.

కన్ను కోడిగుడ్డు వాటంగా ఉండాలి. సూది ఉలితో ముందు నిలువు అడ్డుకోత, తర్వాత దాని దాకా చిన్న కోత, పై రెప్ప ఒక్కటే. కింది రెప్ప చెక్కలేదు. ముట్టె దగ్గర ముక్కు రంధ్రాలు సూది మొనతో గుచ్చినవి. రెండు కళ్లూ ఒకే ఎత్తులో పడటం కోసం పని చేసిన ప్రతిసారీ బొమ్మను అద్దంలో చూశాను. అద్దంలో వంకర ఇట్టే తెలుస్తుంది.

సాండ్‌పేపర్ దాదాపు వాడలేదు. ఈ కొలతలో అది అంచులన్నీ కరిగిస్తుంది. కత్తి గుర్తులు నున్నగా ఉంటే వాటి మీద వెలుగు ఆడుతుంది, అదే నాకు నచ్చుతుంది. కడుపు కింద మాత్రం కత్తి అందని చోట చిన్న పుల్లకు చుట్టి రుద్దాను.

జూన్: పూత, నలుపు

అవిసె నూనె నాకు అలవాటైన పూత. ఇక్కడ వాడలేదు. అంకుడును అది పసుపు చేస్తుంది, నార కొసలు నూనె ఎక్కువ తాగి మూపురం ఒక్కటే ముదురుగా తేలుతుంది. (అవిసె నూనె వాడేవాళ్లకు ఒక మాట. తుడిచిన గుడ్డల్ని ముద్దగా చుట్టి పారేయకండి. అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరేయండి.) రంగు తీసిన తెల్ల లక్కను స్పిరిట్‌లో బాగా పలచగా కలిపి రెండు పూతలు వేశాను. నార కొసల మీద ముందుగా ఒక పూత అదనంగా పడింది, దానితో రంగు సమానమైంది.

లక్క ముందు వేయడానికి ఇంకో కారణం నలుపు. ముట్టె, కళ్ల చుట్టూ వలయం, కొమ్ముల కొసలు, గిట్టలు, తోక కుచ్చు నల్లగా ఉండాలి. పచ్చి కర్ర మీద ఇండియన్ ఇంక్ పెడితే నార వెంట పాకుతుంది. ఒక్క మిల్లీమీటర్ పాకినా పశువు మీద అది అంగుళం పైన. లక్క నారను మూసేస్తుంది కాబట్టి సిరా పెట్టినచోటే ఆగుతుంది. కంటి వలయాన్ని గీయడానికి పూనుకోలేదు. కన్ను మొత్తం నలుపు చేసి, ఆరాక రెప్ప అంచున సూదితో ఒక గీత తెల్లగా గీకాను. చూసే కన్ను వలయాన్ని తానే పూరించుకుంటుంది. పైన తేనెమైనం, మెత్తటి బ్రష్‌తో.

అన్నీ ఆరాక పిడిని కోశాను. నార నిలువు కాబట్టి పీఠం పలచగా ఉంటే బిళ్లలా అడ్డంగా విరుగుతుంది. సెంటీమీటర్ మందం ఉంచింది అందుకే. దాన్ని టేకు ముక్కలో గాడి చేసి దించి, ఫెవికాల్‌తో అతికించాను.

చూపించాను

బాబాయ్ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. వేలితో మూపురం తడిమాడు.

"నిలబడింది అబ్బాయ్. వాలలా." కాసేపాగి, "గంగడోలు ఇంకాస్త వెనక్కి, బొడ్డు దాకా సాగాల. నువ్వు ముందుకాళ్ల దగ్గరే ఆపేశావు" అన్నాడు. నిజమే, ఈ జాతికి గంగడోలు మడతలు బొడ్డు తోలు దాకా వెళ్తాయి. కాళ్ల మధ్య కర్రను తెరిచే తొందరలో ఆ చోటు మిగల్లేదు. తర్వాతి దానికి కడుపు కింద రెండు మిల్లీమీటర్ల కర్ర అదనంగా ఉంచాలి.

నెల్లూరు నుంచి వచ్చిన మా బావ ఒకటే పట్టు, ఇది నెల్లూరు గిత్త అని. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఇక్కడి నుంచి వెళ్లిన పశువుల సంతతిని బ్రెజిల్‌లో ఇప్పటికీ నెలోర్ అనే పిలుస్తారు, అక్కడి మాంసపు పశువుల్లో పెద్ద భాగం అదే. జిల్లాల గీతలు ఎన్నిసార్లు మారినా గుండ్లకమ్మ ఒడ్డున మేసిన పశువే అది.

"సరే గానీ, దీని జత ఏదీ?" అన్నాడు బాబాయ్.

జత చేయాలి. ఇప్పుడు చేసింది వలపటిది, అంటే కాడికి కుడి వైపుది. ఎడమ వైపు దాపటిదానికి అదే కర్రలో పక్కముక్క తీసిపెట్టాను, రంగు తేడా రాకుండా. తోక ఎడమ కాలికి ఆనాలి, తల కాస్త లోపలికి, వలపటిదాని వైపు తిరగాలి. తల తిరిగితే మెడ దగ్గర నార ఇంకా పొట్టిదవుతుంది కాబట్టి గంగడోలు మందం పావు మిల్లీమీటర్ పెంచుతున్నాను. రెంటి ఎత్తూ మూపురం దగ్గర కలవాలి, లేకపోతే కాడి వంకర పడుతుంది. కాడికి వెదురు బాగుంటుందా, టేకు చీలిక బాగుంటుందా అన్నది ఇంకా తేలలేదు. రెండూ కోసి మెడల మీద పెట్టి చూడాలి.